ఎంగిలాకుల మంట

మా ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగిన ఎండాకాలం మాట ఎత్తితే మా ఆయన ప్రతాప్ ఇప్పటికీ తువాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోతాడు. మా అత్త అంజనమ్మ మాత్రం నవ్వుతుంది. ఆ రోజుల్లో నవ్వలేదు లెండి. నేనూ నవ్వలేదు.

అది రెండు వేల అయిదు. మాది ధర్మపురి జిల్లాలో కారిమంగలం పక్కన పెరియంపట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అంతకు ముందు వానల్లేక, గడ్డి దొరక్క ఉన్న ఆవుల్ని ఒక్కొక్కటే అమ్మేశాం. చివరికి నల్లావు కూడా పోయింది. పక్కూరి పెరియసామి దాన్ని తోలుకుపోయిన రోజు అత్త కొట్టం తలుపు మూసేసి, ఇక ఆ ఊరి దారి తొక్కనని ఒట్టు పెట్టుకుంది. దాని మొహం ఎట్లా చూడాలి అన్నది ఆమె బాధ.

ఆవులు పోయేసరికి పెరట్లో గోబర్ గ్యాస్ గుంత కూడా పడుకుంది. అది మా మామ హనుమంతప్ప కట్టించింది. బావి లాంటి గుంతలో పేడనీళ్లు, వాటి మీద బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము. గ్యాస్ ఊరితే డ్రమ్ము పైకి లేస్తుంది, వంట చేసుకుంటే దిగుతుంది. మంట మందగించినప్పుడు మామ డ్రమ్ము మీద రాళ్లు పెట్టేవాడు. ఆ బరువుకి గ్యాస్ జోరుగా వచ్చేది. ఆయన పోయాక కూడా అత్త పొద్దున్నే ఆ డ్రమ్ము ఎంత లేచిందో చూసి గానీ పళ్లు తోమేది కాదు.

గ్యాస్ పోయి కట్టెల పొయ్యి వచ్చింది. మా వైపు దొరికేది సీమతుమ్మ. మండితే కళ్లు మండుతాయి, మండకపోతే ప్రాణం తీస్తుంది. అత్తకు ఆయాసం పట్టుకుంది. నాలుగు మాటలు మాట్లాడితే పిల్లికూతలు. ధర్మపురిలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, పొగ మానకపోతే మందులు దండగ, ఇంకో చలికాలం ఆమె తట్టుకోలేదు అని చెప్పింది. సిలిండరు కోసం తిరిగాం. "వరుం, వరుం" అన్నారు. వస్తుంది అని అర్థం. ఎప్పుడో మాత్రం ఎవరికీ అర్థం కాదు.

ఆ ఏడు మాసి నెలలో, చలి పోయి ఎండలు మొదలవుతుండగా, మా మహిళా సంఘం వాళ్లు మమ్మల్ని హోసూరు పక్కకు తీసుకుపోయి ఒక గుంత చూపించారు. దానికి ఆవే లేదు. ఆకులు, తొక్కలు, కుళ్లిన కూరగాయలు సన్నగా తరిగి వేస్తున్నారు. గాలి తగలకుండా మూతలో మగ్గితే ఏ పచ్చి సరుకైనా గ్యాస్ ఇస్తుందని, విత్తనానికి మాత్రం కాస్త పేడ ఉండాలని, అది దోసెపిండిలో పాత పిండి కలపడం లాంటిదని అక్కడి సరణ్య మేడం చెప్పింది. మా గుంత అడుగున పాత పేడనీళ్లు ఇంకా ఉన్నాయి. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

ఆకులంటే మా దగ్గర ఎక్కడివి? చెట్లకే లేవు. కానీ కారిమంగలం రోడ్డు మీద కల్యాణ మండపం ఉంది, పెళ్లిళ్ల రోజులు. మా ఆయన ట్రాక్టరు తీసుకుపోతే మండపం వాళ్లు పుణ్యాత్ముడు దొరికాడని విస్తళ్లన్నీ ఎత్తించారు. నేను వాటిని కొడవలితో తరిగి, నీళ్లు కలిపి రోజూ బిందెడు బిందెడు గుంతలో పోశాను. కొన్నాళ్లకు డ్రమ్ము కదిలింది. ఉగాది ముందు ఒక పొద్దున స్టవ్వు అంటిస్తే నీలంగా వెలిగింది.

ఆ మంట మీద సంగటి కెలికి అత్తకు పెట్టాను. ఆమె దగ్గకుండా తింటోంది. నాకు గొప్పగా ఉంది. ఊరుకోవచ్చు కదా, "ఎట్లుండాది అత్తా?" అన్నాను.

"బాగుండాది. గుంతలో ఏమేసినావు మే?"

"ఆకులు."

"ఏమాకులు?"

"అరిటాకులు."

"మన తోటలో అరిటి ఎండిపోయి ఎన్నాళ్లాయ? యాడివి?"

మా ఆయన కంచంలోకి తల దించుకున్నాడు.

"మండపానివా?" అంది ఆమె. కంచం నెమ్మదిగా పక్కన పెట్టింది. "ఊరి ఎంగిలి అగ్గిలో పోసి, దాని మీద ఉడికించి నాకు పెట్టినావా ధనా?"

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆమె అరవలేదు. చెంబుకు పెదవి తగలకుండా ఎత్తి తాగడం నా కూతురికి నడక రాకముందే నేర్పిన మనిషి ఆమె. పండు కొరికి ఇస్తే కన్న కొడుకు చేతిలోది కూడా తీసుకోదు. లేచి చేయి కడుక్కుని, పెరట్లోంచి మూడు రాళ్లు ఏరుకొచ్చి వెనక పంచలో పొయ్యి పెట్టుకుంది. ఆ మూడు రాళ్లకూ పసుపు రాసి బొట్లు పెట్టింది. సీమతుమ్మ కట్టె విరిచింది.

నేను వెంటపడ్డాను. "పాలు దూడ ఎంగిలి కాదా అత్తా? తేనె ఈగల ఎంగిలి కాదా? అవి దేవుడికే పెడతామే!"

"అవి నోరులేని జీవాలు మే. మనిషి ఎంగిలే ఎంగిలి. నువ్వు వండుకో, నేను వద్దనలేదు. నా మానాన నన్ను వదులు." అంతమాత్రానికే ఆమెకు ఆయాసం వచ్చింది.

మావాళ్లలో ఒక ఇంట రెండు పొయ్యిలు వెలిగాయంటే ఆ ఇల్లు వేరుపడిందనే లెక్క. ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. మా పుట్టింట్లో పెదనాన్న, నాన్న వేరుపడిన రోజు నాకు గుర్తుంది. మా అవ్వ తన పొయ్యిలో నిప్పు కణిక ఒకటి తీసి కొబ్బరిచిప్పలో పెట్టి మా అమ్మ చేతికిచ్చింది. వేరే పోయేవాళ్ల పొయ్యి పెద్ద పొయ్యి నిప్పుతోనే వెలగాలని ఆచారం. అమ్మ ఏడుస్తూ తీసుకుంది. ఆ తర్వాత మా రెండిళ్ల మధ్య ఉప్పు కూడా చేతులు మారలేదు. అత్త పంచలో పొగ లేచినప్పుడల్లా నాకు ఆ చిప్పే కళ్లముందు కదిలేది.

ఇంతలో టమోటా ధర పడిపోయింది. మా ఇంట్లో తక్కాళి అంటాం. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లన్నీ అదే పెట్టాయి. మేమూ పెట్టాం. నడి ఎండల్లో చిత్తిరై నెల వచ్చేసరికి పాలకోడు మండీలో అడిగే నాథుడు లేడు. రైతులు బండ్లు రోడ్డు పక్కన తిరగేసి వెళ్లిపోతున్నారు. మా ఆయన ఎక్కించిన బుట్టలు ఎక్కించినట్టే వెనక్కి తెచ్చి వాకిట్లో దించాడు. మొహం చూస్తే పలకరించేటట్టు లేదు.

"పారెయ్యల్ల. దున్నేస్తా రేపు" అన్నాడు.

ఆ బుట్టలు చూడగానే నాకు మెరుపు లాంటి ఆలోచన వచ్చింది. తక్కాళి ఎవరి ఎంగిలీ కాదు. మా చేలో మా చేతులతో కోసింది, మనిషి పన్ను తగల్లేదు. ఆకులు ఆపేసి గుంత నిండా తక్కాళే పోస్తే లోపలి ఎంగిలి అంతా కొట్టుకుపోతుంది. మైలపడిన బిందెను తోమి నీళ్లు తిప్పినట్టు గుంతను తిప్పుదాం అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇల్లు శుద్ధి చేసే బుద్ధితో గ్యాస్ గుంతను శుద్ధి చేసింది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బుట్ట తర్వాత బుట్ట చిదిమి పోశాను. సరణ్య మేడం కొంచెం కొంచెమే పెట్టమన్న మాట ఆ ఊపులో ఏ మూలకు పోయిందో. డ్రమ్ము లేచింది చూడండి, మామ ఉన్నప్పుడు కూడా అంత లేవలేదు. నేను పంచలోకి పరుగెత్తాను.

"అత్తా, రా! ఎంగిలి లేదిప్పుడు. అంతా మన తక్కాళే. వచ్చి చూడు!"

ఆమె వచ్చింది. రాకపోతే బాగుండేది. నేను మర తిప్పి అగ్గిపుల్ల పెట్టాను. గ్యాస్ బుస్సుమంది, పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాను. అదీ ఆరింది. ఇల్లంతా పుల్లటి కంపు. అగ్గిపెట్టె ఖాళీ అయ్యేదాకా గీస్తూనే ఉన్నాను, మా ఆయన చేయి పట్టుకునేదాకా.

"అగ్గికే ఒప్పలేదు మే" అంది అత్త. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. జాలి ఉంది. అదే నాకు కారం రాసినట్టయింది.

మర్నాడు కారిమంగలం వెళ్లి సరణ్య మేడానికి ఫోన్ చేశాను. ఆమె విషయం విని నిట్టూర్చింది. గుంత పులిసిపోయిందమ్మా, అంది. వచ్చే గ్యాస్‌లో మండేది లేదు. తిండి ఆపాలి, సున్నపు తేట పోయాలి, పాత విత్తనం చచ్చింది కాబట్టి తాజా పేడ రోజూ వెయ్యాలి. సున్నం సరే. పేడ ఎవరిస్తారు? ఊళ్లో మిగిలిన ఆవులే వేళ్ల మీద లెక్క, ఎవరి పేడ వాళ్ల చేనుకే చాలదు. అడిగిన చోటల్లా నవ్వారు. ఆ సంగతి మా ఆయనతో వంటింట్లో చెప్పుకుని ఏడ్చాను. పంచకూ వంటింటికీ మధ్య ఒక మట్టిగోడే అడ్డం.

గ్యాస్ లేదు కదా, వెళ్లి అత్త పొయ్యి దగ్గరే వండుకోవచ్చు. నాకు రోషం అడ్డొచ్చింది. నేనూ వంటింట్లో కట్టెలు పెట్టి పొయ్యి రాజేశాను. ఆమె పొగ ఆమెది, నా పొగ నాది. ఆమె అటు దగ్గుతుంటే నేను ఇటు చెవులు మూసుకునేదాన్ని. మధ్యలో మా ఆయన ఒక పూట అక్కడ, ఒక పూట ఇక్కడ తిని, రెండు చోట్లా తిట్లు తినేవాడు.

అలాంటప్పుడు ఏ.పళ్లిపట్టి అనే ఊరి నుంచి చిన్నమామ వెంకటప్ప వచ్చాడు. మా మామ తమ్ముడు. మనిషి నోరు మంచిది, కానీ అద్దం లాంటిది. ఎదురుగా ఉన్నది చూపించేస్తుంది. కాళ్లు కడుక్కుని నడవలో నిలబడ్డాడు. వంటింటి పొగ చూశాడు. పంచ పొగ చూశాడు.

"ఏ పొయ్యి కాడ కూచోవల్ల వదినా?" అన్నాడు.

నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను.

"వేరు పడినారని ప్రతాపు నాకు చెప్పనే లేదే. అన్న పోయినాక పెద్దోణ్ణి నేనొకణ్ణి ఉండాననైనా తలచల్ల కదా."

అత్త మొహం ఎన్నడూ చూడనట్టుగా పాలిపోయింది. "కూచో వెంకటప్పా" అంది. ఆకు వేసింది. తన పొయ్యి మీది సంగటి ముద్ద తెచ్చి పెట్టింది. నా వంటింట్లోకి వచ్చి, నన్ను అడక్కుండా, నా పప్పుగిన్నె తీసుకుపోయి అదే ఆకులో వడ్డించింది. చిన్నమామ నెమ్మదిగా, అంతా ఊడ్చి తిన్నాడు.

వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి, "రెండూ బాగుండాయి వదినా. అదే బాధ" అన్నాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి పంచలో అత్త లేదు. పొయ్యి చల్లగా ఉంది. చేలో లేదు, గుడి దగ్గర లేదు. మా ఆయన ట్రాక్టరు తీయబోతుంటే రోడ్డు మలుపులో కనపడింది. నెత్తిన గంప. నాలుగడుగులు వేయడం, నిలబడి ఊపిరి తీసుకోవడం, మళ్లీ నాలుగడుగులు. మా ఆయన పరుగెత్తి గంప అందుకోబోతే ఇవ్వలేదు. నేరుగా పెరట్లోకి వచ్చి గుంత గట్టు మీద దించింది. గంప నిండా పేడ.

నేను నీళ్లిస్తే ఎత్తి తాగింది.

"నల్లావుది" అంది చివరికి. "పెరియసామి మంచోడే. దినమూ తీసకపో అన్నాడు."

"ఒట్టు పెట్టుకుంటివి కదత్తా?"

"పెట్టుకుంటి." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా గొంతు ఇనీ అరిచింది మే. కట్టుకొయ్య పెరుక్కొని వచ్చేటట్టు. నేను దాని కాడ ఏడవలేదు, దారిలో ఏడిస్తి."

ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాను. పేడ ఇంకా పచ్చివాసన వేస్తోంది.

"దారిలో ఒకటి తోచె" అంది ఆమె. "ఊర్లో ఏ పెండ్లి జరిగినా ఎంగిలాకులు ఎవరికి ఏసేది?"

"ఆవులకే."

"మన నల్లావు తినలేదా?"

"తినింది."

"తిని పేడేసింది. ఆ పేడతోనే నేను దేవుడిల్లు అలికితి. ఒకనాడైనా ఇది ఎంగిలి అంటినా?" కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆవు కడుపులో పడితే ఎంగిలి పోతాది మే. నీ గుంతలో ఆవు కడుపు లేకపాయ, అందుకే అట్లాయ. ఇప్పుడెయ్యి."

సరణ్య మేడం విత్తనం అన్నది, అత్త కడుపు అన్నది. నేను ఎవరితోనూ వాదించకుండా చేతులు పెట్టి ఆ పేడ కలిపాను.

అట్లాగని ఆ పూటే వచ్చి నా పొయ్యి దగ్గర కూర్చుందని అనుకోకండి. మా అత్త అంత తేలికైన మనిషి కాదు. మూడు రాళ్ల మీద తన సంగటి తానే కెలుక్కుంది. కానీ పొద్దున్నే పక్కూరికి పోవడం మానలేదు. మా ఆయన ట్రాక్టరులో దించుతానంటే, "పేడకు ట్రాక్టరా? ఊరు నవ్వుతాది" అంది. సగం దారి దాకా నేను ఎదురు వెళ్లి గంప అందుకునేదాన్ని. దారంతా నల్లావు కబుర్లే. దానికి అక్కడ పేరు మార్చారట, అది మాత్రం కొత్త పేరుకు పలకదట. చెప్పి చెప్పి మురిసిపోయేది.

గుంతకు తిండి ఆపాం. సున్నపు తేట పోశాను, పేడ కలిపాను, కాచుకున్నాను. మొదట కంపు మారింది. పులుపు పోయి పాత కొట్టం వాసన వచ్చింది. అప్పుడు ఆకులు తరిగి గుప్పెడు గుప్పెడు వేశాను, బాలింతకు పెట్టినట్టు. మండపం విస్తళ్లు కూడా వేశాను. అత్త చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. డ్రమ్ము మాత్రం పంతం పట్టినట్టు కదల్లేదు. ఆమె దగ్గు పెరిగింది. ఒక్కో రోజు గంపతో వచ్చి గట్టు మీదే పడుకుండిపోయేది. చలికాలం అన్న డాక్టరమ్మ మాట మాటిమాటికీ గుర్తొచ్చేది. ఈ గుంత లేస్తుందా, లేచేదాకా ఈమె ఉంటుందా అని భయపడ్డాను. ఆ భయంలో రోషం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

ఆడి నెల గాలులు, అదే ఆషాఢపు గాలులు, మొదలయ్యాయి. వానజల్లు పడిన ఒక సాయంత్రం డ్రమ్ము జానెడు లేచి ఉంది. పోయినసారిలా కేకలు పెట్టలేదు నేను. ఎవరికీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్లి స్టవ్వు ముందు కూర్చున్నాను. అగ్గిపెట్టె చేతిలో ఉంది. గీయడానికి చేయి రాలేదు.

వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే అత్త. చేతిలో కొబ్బరిచిప్ప. చిప్పలో బూడిద, బూడిద మీద ఎర్రటి నిప్పు కణిక.

నా ప్రాణం పోయినంత పనయింది. మా అవ్వ, మా అమ్మ, ఆ చిప్ప. ఇన్నాళ్లూ ఆమె లోపల అనుకుంటున్నది ఇదేనా?

"వద్దత్తా" అన్నాను. "అది ఇయ్యొద్దు. నీ కాళ్లకు మొక్కుతా."

"ఏం వద్దు? మర తిప్పు."

తిప్పాను. ఆమె కొబ్బరిపీచు కణిక మీద పెట్టి ఊదింది. ఊదితే దగ్గొచ్చింది. దగ్గుతూనే మళ్లీ ఊదింది. పీచు అంటుకుంది. దాన్ని తీసి స్టవ్వు దగ్గర పెట్టింది. చిన్న చప్పుడు చేసి మంట చుట్టూ పాకింది. సన్నగా, నీలంగా, ఆరకుండా.

ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆమె చిప్పలోని మిగిలిన నిప్పు మీద బూడిద కప్పి కింద పెట్టింది. తర్వాత గోడకు ఆనుకుని చతికిలబడి కాళ్లు చాపుకుంది.

"ఎసరు పెట్టినావా?" అంది.

"ఇంకా లేదు."

"పెట్టు. నాకూ ఒక చెంబు పొయ్."

పోశాను. ఎన్ని చెంబులు పోశానో నాకు తెలియదు, కళ్లు కనపడితేగా. ఆ పూట సంగటి ముద్ద కట్టలేదు, జావ అయింది. మా ఆయన చేలోంచి వచ్చి గరిటె ఎత్తి, "ఇదేం సంగటి?" అన్నాడు.

"నోరు మూసుకొని తాగురా" అంది వాళ్లమ్మ. తను అప్పటికే రెండోసారి పోయించుకుంది.

మర్నాడు గుంతకు తిండి పెడదామని పెరట్లోకి వెళ్లాను. పంచలో పొయ్యి చోటు పేడతో అలికి ముగ్గు వేసి ఉంది. రాళ్లు లేవు. అత్త వేపపుల్లతో పళ్లు తోముకుంటూ గట్టు మీద కూర్చుని డ్రమ్ము కేసి చూస్తోంది. నేనూ చూశాను. డ్రమ్ము మీద మూడు రాళ్లు సమంగా పెట్టి ఉన్నాయి. మసి అట్లాగే ఉంది, బొట్లు మాత్రం కొత్తవి.

"నిన్న మంట మందంగా ఉన్నింది" అంది, నా వైపు తిరక్కుండానే. "బరువు పెట్టినా."